నిమ్మకాయల నెత్తురు

పొద్దున నిమ్మకాయ కోస్తుంటే మన సైన్సు సారు యాదికొచ్చిండు. రఘునాథపల్లి దిక్కు మన బడిల చదివినోళ్లకు ఎరుకే గద. బాణామతి, చేతబడి అంత ఉత్తదని చూపెట్టనీకి, సారు ఊరందరి ముంగట నిమ్మకాయ కోసి నెత్తురు కారిపిచ్చిండు. "ఏం లేదు, కత్తికి మందారపువ్వు రసం రాసిన, గంతే" అన్నడు.

ఎవలింటరు? "నెత్తురైతే వచ్చింది గద, ఈయనకే బాణామతి వచ్చు" అన్నరు. ఇగ మంత్రం పలుకొద్దని పటకారుతోని సారు నోట్ల ముందటి పండ్లన్ని పీకిండ్రు. పటకారు పట్టిన మల్లయ్య ఇప్పుడు ఊరికి పెద్దమనిషి.

మొన్న బడిల సారుకు సన్మానమైతే శాలువా కప్పింది గాయినే. కప్పి, మైకు సారు నోటికాడ పెట్టి, "పిల్లలకు రెండు మంచిమాటలు చెప్పుండ్రి సారూ" అన్నడు.