మూడో పట్టీ

మార్కాపురంలో మేముండే సందు మొగదల ఇస్త్రీ బండి మీద హెడ్ కానిస్టేబుల్ చొక్కా ఏదైనా కనపడితే చాలు, నా చూపు ముందు దాని చేతి మీది మూడు పట్టీల మీదికే పోతుంది. నీళ్లు చిలకరించిన ఖాకీ గుడ్డకు బొగ్గుల పెట్టె ఆనగానే లేచే ఆ వాసనకు, కొమరోలు దగ్గర మా ఊళ్లో నాయన కోసం ఎదురుచూసిన రోజులన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడతాయి.

మా వీధిలో ఇంటికొకరు మిలిటరీలో ఉండేవాళ్లు. వానను నమ్ముకుని వేసే కందీ సజ్జలతో ఇల్లు గడవదని, మీసం మొలవగానే మగపిల్లలు భర్తీకి పరుగెత్తేవాళ్లు. పండగలు కూడా క్యాలెండర్ చూసి వచ్చేవి కావు. ఏ ఇంటి మనిషి సెలవు మీద వస్తే ఆ ఇంట్లో ఆ రోజు ఓళిగలు కాల్చేవాళ్లు, నెయ్యి వాసన వీధి చివరిదాకా పోయేది, మిగిలిన ఇళ్ల పిల్లలం గుటకలు మింగుతూ మా వంతు ఎప్పుడా అని చూసేవాళ్లం.

ఆటల్లోనూ మిలిటరీ లెక్కే. ఉత్త సిపాయి చేతికి పట్టీ ఉండదు, లాన్స్ నాయక్‌కు ఒకటి, నాయక్‌కు రెండు, హవల్దారుకు మూడు. ఎక్కాలు రాని పిల్లలకు కూడా ఇది కంఠతా వచ్చు. తొక్కుడుబిళ్ల మొదట ఆడేది, ఉయ్యాల మొదట ఎక్కేది హవల్దారు కూతురు మంగ. మా నాయన నాయక్ కాబట్టి నేను దాని వెనక. సిపాయిల పిల్లలు ఎండ నెత్తికెక్కేదాకా నిలబడాల్సిందే. నాయన ముఖం సరిగా గుర్తుండేది కాదు గానీ, ఆయన చేతి మీది రెండు పట్టీలు కళ్లు మూసుకున్నా కనపడేవి. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాయన సర్వీసు పూర్తి కావచ్చింది. నాయక్‌గానే దిగిపోతే ఆ ఎండాకాలానికి ఇంటికి వచ్చేయొచ్చు. హవల్దారు పట్టీ తీసుకుంటే మరో రెండేళ్లు అక్కడే ఉండాలి. మిలిటరీలో హోదా పెరిగితే ఉండాల్సిన ఏళ్లూ పెరుగుతాయి. ఒక ఆదివారం నాయన ఫోన్లో మా అమ్మను ఏం చేయమంటావని అడిగితే, పిల్లనే అడగమని అమ్మ ఫోను నా చేతికిచ్చింది.

"ఏందమ్మా, వచ్చేయమంటావా, మూడో పట్టీ ఏసుకొని రమ్మంటావా?"

నా కళ్ల ముందు మంగ తప్ప ఇంకేమీ లేదు.

"మూడోది ఏసుకొనే రా నాయనా," అన్నాను.

నాయన సరేనన్నాడు. అమ్మ ఫోను తీసుకుని, చలికి జాగ్రత్తగా ఉండమని చెప్పి పెట్టేసి, ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ!

మరుసటి సెలవుకు మూడు పట్టీల చొక్కా తెచ్చాడు. దాన్ని వీధికి కనపడేట్టు దండెం మీద వేశాను. చూసేవాళ్లు లేరు. మంగ కనిగిరిలో హాస్టల్లో చేరిపోయింది, మిగిలినవాళ్లు ట్యూషన్లలో పడ్డారు, తొక్కుడుబిళ్ల గీతలు ఏ వానకో చెరిగిపోయాయి. రెండు రోజుల తరువాత అమ్మే దాన్ని తీసి మడత పెట్టింది.

నాయన పూర్తిగా దిగి వచ్చిన వారానికే నాకు ఒంగోలు కాలేజీలో సీటు వచ్చింది. తన పెట్టె ఇంట్లో దించిన మనిషే నా పెట్టె మోసుకొచ్చి బస్సెక్కించాడు. ఆ తరువాత చదువులు, ఉద్యోగం, పెళ్లి. తండ్రీకూతుళ్లం ఒకే కప్పు కింద వరసగా రెండు నెలలున్నది లేదు.

ఇప్పుడా వీధి పిల్లలు తమ నాయనల ముఖాలను ఫోన్లో రోజూ చూస్తున్నారు. ఎవరికెన్ని పట్టీలో వాళ్లకు తెలియదు, తెలియకపోవడమే మంచిది. పోయిన నెల నాయన మా ఇంటికి వచ్చినప్పుడు, అంత చిన్నపిల్లనడిగి అంత పెద్ద తీర్మానం ఎట్లా చేశావని ఇన్నేళ్లకు అడిగాను. ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టి, నా వైపు చూడకుండా అన్నాడు.

"నాకు వచ్చేయాలనే ఉన్నిందిమా. నువ్వు రమ్మంటావనుకొనే అడిగినా."