గుసగుస బయట కూర్చున్న రోజు

నాటకాలవాళ్లంతా ఆయన్ని గుసగుస అనే పిలిచేవారు. వేషం కట్టి ఎరగడు, మొహానికి రంగు పూసుకుని ఎరగడు. తెర పక్కన చీకట్లో ముక్కాలి పీట మీద కూర్చుని, నటుడు మాట మరిచిపోయిన క్షణంలో ఆ మాట అతని చెవికి మాత్రమే అందించడం ఆయన ఉద్యోగం. ముందు వరసలో కూర్చున్నవాడికి కూడా వినపడకూడదు. రాజు వేషగాడు తాగొచ్చి మొదటి అంకంలోనే మూడో అంకం మాటలు ఎత్తుకున్నా సరే, గుసగుస ఉన్నాడంటే నాటకం గట్టెక్కేది. చప్పట్లు మాత్రం రాజుకే. దాని మీద ఈయనకి బెంగ ఉండేది కాదు. ఉండి ఉంటే ఆ పీట మీద అన్నేళ్లు కూర్చునేవాడా, మీరే చెప్పండి.

ఆయన భార్య అదే నాటకశాలలో టికెట్ల కిటికీ దగ్గర పనిచేసేది. మహా మాటకారి. చిల్లర లేదని గొడవకొచ్చినవాణ్ణి కూడా నవ్వించి పంపేది. ఇంట్లోనూ ఆవిడ మాట్లాడేది, ఈయన వినేవాడు. పిల్లల్లేరు. ఆవిడ మాటలతోనే ఇల్లు నిండుగా ఉండేది.

అలాంటి మనిషికి మతిమరుపు జబ్బు వచ్చింది. మొదట పేర్లు పోయాయి. తర్వాత పొయ్యి మీద గిన్నెలు మాడాయి. ఆ తర్వాత స్నానాలగది ఎటువైపో తెలియకుండా పోయింది. ఇప్పుడు మాటలే తక్కువ. ఉన్నట్టుండి చెప్పులేసుకుని "ఇంటికి పోవాలి" అంటుంది. ఇదే మనిల్లు అంటే నమ్మదు. మొన్నామధ్య గుసగుస కూరగాయలు తరుగుతూ తరుగుతూ అలాగే కునుకు తీశాడు. కళ్లు తెరిచేసరికి తలుపు బార్లా తీసి ఉంది, ఆవిడ నడిరోడ్డు మీద నిలబడి ఉంది. బస్సు డ్రైవరు దిగొచ్చి ఈయన్ని నానా మాటలూ అన్నాడు. "పెద్దావిణ్ణి ఇలా వదిలేస్తారా, బుద్ధుందా?" ఆ తిట్లకి ఈయనకి కోపం రాలేదు. ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని ఇంట్లోకి నడిపించుకొచ్చి తలుపు గడియ వేశాడు. మళ్లీ కునుకు పడితే?

ఆసుపత్రిలో పగటి వార్డని ఒకటుంది. ఇలాంటివాళ్లని పొద్దున్న దిగబెడితే సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉంటారు. అందులో చోటు దొరికితే ఆవిడ క్షేమంగా ఉంటుంది, ఈయన కాస్త నడుం వాలుస్తాడు. కానీ జబ్బు ముదిరిందని డాక్టరు చెబితేనే చోటు. డాక్టరేమో ప్రతిసారీ "నిలకడగానే ఉందండీ" అని పంపేస్తున్నాడు.

ఎందుకంటారా? అక్కడే ఉంది తిరకాసు. డాక్టరు తలొంచుకుని రాసుకుంటూ "ఇది ఏ నెలమ్మా?" అని అడుగుతాడు. ఆవిడ మొహంలో వెతుకులాట మొదలవుతుంది. ఆ మొహం చూస్తూ గుసగుస ఆగలేడు. పక్క కుర్చీలోంచి, పెదవి కదిలీ కదలకుండా, నెల పేరు ఆవిడ చెవిలో పడుతుంది. ఆవిడ చక్కగా అప్పజెబుతుంది. "ఇందాక మూడు మాటలు చెప్పాను, గుర్తున్నాయా?" అవీ అందుతాయి. చివర్న "ఇంట్లో ఎలా ఉంటున్నారు?" అని డాక్టరు ఈయన్ని అడుగుతాడు, ఆవిడ ఎదురుగా ఉండగానే. కట్టుకున్నదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఈవిడకి ఏమీ తెలియడం లేదండీ, పక్క తడిపేస్తోందండీ అని ఏ నోటితో చెబుతాడు? "పర్లేదండీ" అంటాడు. ఈయన పర్లేదంటాడు, ఆయన పర్లేదని రాస్తాడు. ఈసారి నోరు మెదపనని ప్రతిసారీ ఒట్టు పెట్టుకునే వెళ్తాడు మహానుభావుడు.

ఫోన్లో బావమరిదికి గోడు చెప్పుకోబోతే అతను కొట్టిపారేశాడు. "డాక్టరే బాగుందన్నాడుగా బావా. నువ్వు మరీ కంగారు పడతావు. నిన్న అక్క నాతో ఎంచక్కా మాట్లాడింది." మాట్లాడకేం, ఫోను పక్కన ఎవరు కూర్చున్నారని? గుసగుస ఆ ముక్క చెప్పలేక ఫోను పెట్టేశాడు. ఆ సాయంత్రం ఆవిడ ఆయన వైపు తిరిగి "మీరు ఎవరి తాలూకండీ?" అని మర్యాదగా అడిగింది. ఆ మాట వెళ్లి చెప్పుకుందామంటే ఒక్క మనిషి లేడు. వంటింట్లోకి పోయి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చాడు.

తర్వాతిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు, ఆయా ఆవిణ్ణి బరువు చూడ్డానికి అవతలికి తీసుకెళ్లగానే ఈయన నర్సు దగ్గరికి నడిచాడు.

"అమ్మా, ఈసారి నన్ను లోపలికి రానివ్వకండి."

"అదేంటి బాబాయ్, మీరు లేకపోతే ఆవిడ బెదిరిపోరూ?"

"బెదురుతుంది. కానీ నేనుంటే జవాబులన్నీ నావే. ఇన్నాళ్లూ డాక్టరుగారు పరీక్ష చేస్తున్నది నన్ను."

నర్సు ఆయన్ని ఎగాదిగా చూసింది. తిడుతుందనుకున్నాడు.

"మరి ఇంట్లో సంగతి అడిగినప్పుడైనా చెప్పొచ్చుగా?"

"ఆవిడ ముందా?"

నర్సు చేతిలో కాగితాలు పక్కన పెట్టింది. "మేమూ మిమ్మల్ని విడిగా కూర్చోబెట్టి అడగాల్సింది బాబాయ్. మాకు తట్టలేదు" అంది. అక్కడే నిలబెట్టి అన్నీ అడిగింది. స్నానం, పక్క, రోడ్డు, బస్సు, అన్నీ చెప్పాడు. అన్ని మాటలు సొంతంగా మాట్లాడి ఎన్నాళ్లయిందో, గొంతు బొంగురుపోయింది. తర్వాత ఆవిణ్ణి లోపలికి పంపి, ఈయన్ని బయట బల్ల మీద కూర్చోమన్నారు.

తలుపు ఓరగా వేసి ఉంది. "ఇది ఏ నెలమ్మా?" అని డాక్టరు గొంతు వినిపించింది. జవాబు లేదు. నాటకంలో ఎవరైనా అంతసేపు ఆగితే జనం ఈలలు వేసేవారు. గుసగుస పెదవులు వాటంతటవే కదిలాయి. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇప్పుడు మనం ఎక్కడున్నామమ్మా?"

"అది మీకు తెలీదా ఏంటి?" అని నవ్వబోయింది ఆవిడ. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. బల్ల మీద ఈయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"పోనీలెండి. ఇంట్లో మీతో ఎవరుంటారు?"

ఈసారి ఆవిడ తడుముకోలేదు. "ఎవరూ ఉండరండీ. ఒక్కదాన్నే."

"భయం వెయ్యదా?"

"వేస్తుంది. ఎవరో వస్తుంటారు, అన్నం పెడతారు, మంచివాళ్లే. కానీ నా మనిషంటూ ఒక్కరూ లేరు."

ఆ ఇంట్లో ఒంటరిగా ఉన్నది తానొక్కడే అనుకున్నాడు గుసగుస. మరిచిపోయేదానికి బాధేముంటుంది, గుర్తున్నవాడికే కదా అనుకున్నాడు. అదే మంచం మీద, జానెడు దూరంలో, ఆవిడా అంతే ఒంటరిగా పడి ఉందని, ఆ ఒక్క మాట చెప్పుకోనివ్వకుండా ఇన్నాళ్లూ తానే అడ్డం పడ్డాడని తెలిసి గుండె చెరువైపోయింది.

కాసేపటికి నర్సు బయటికి వచ్చింది. "పగటి వార్డులో చోటు రాసేశారు బాబాయ్. సోమవారం నుంచి తీసుకురండి." ఈయన తలూపాడు. ఇన్నాళ్లు ఎదురుచూసిన మాట అది, వింటే ఎక్కడలేని సంతోషం రావాలి. రాలేదు.

"ఇంకొక్కటి. ఇంట్లో ఎవరూ లేరని చెప్పారు ఆవిడ, డాక్టరుగారు అదీ రాసుకున్నారు. మీరుంటారుగా, కొట్టేయించనా?"

గుసగుస బల్ల మీంచి లేచాడు.

"ఉంటానమ్మా. కొట్టేయించకండి. ఆవిడ చెప్పిందే ఉంచండి."