పేరు చెరిగిన ఇత్తడి బిళ్ళ

మా అక్కయ్య పోయిందని గురువారం పొద్దున ఫోన్ వచ్చింది. అక్కయ్య అంటే నా తోబుట్టువు కాదు. మా బావగారి భార్య, నా తోడికోడలు. పోపు మాడిపోతున్నా స్టవ్ కట్టెయ్యాలని తోచలేదు. నిజం చెప్పొద్దూ, ముందు నాకు ఏడుపు రాలేదు, సిగ్గు వచ్చింది. ఎనభైల మొదట్లో మేమిద్దరం కలిసి పడిన సిగ్గు అది. ఇన్నాళ్ళూ సగం ఆవిడ మోసింది, ఇక మొత్తం నాదే.

అమెరికాలో రాలీ ఊరి దగ్గర మేము కాపురాలు పెట్టిన రోజుల్లో, ఇప్పుడు మనవాళ్ళ ఇళ్ళతో కిటకిటలాడే మోరిస్‌విల్ వైపు ఎటు చూసినా పొగాకు పొలాలే. ఒకరోజు అక్కయ్య ముక్కుపుడక పెరటి గడ్డిలో పడిపోయింది. బావగారు కేటలాగ్ చూసి మెటల్ డిటెక్టర్ తెప్పించారు. పొడుగాటి కర్ర, దాని చివర కంచం లాంటి చట్రం, చెవులకి హెడ్‌ఫోన్లు. ముక్కుపుడక దొరకలేదు గానీ అక్కయ్యకి ఆ కర్ర పిచ్చి పట్టుకుంది. కుచ్చిళ్ళు పైకి దోపి, బావగారి పాత బూట్లు తొడుక్కుని పెరడంతా తిరిగేది. తుప్పు మేకు దొరికినా సోడా మూత దొరికినా ఒకటే సంబరం. తవ్విన గుంట పూడ్చి, గడ్డి సర్ది, కాలితో తట్టి గానీ కదిలేది కాదు. మనుషులకి వడ్డించేటప్పుడూ అంతే, ఆవిడ చెయ్యి సగంలో ఆగడం నేను చూడలేదు.

నా ఇంగ్లీషు మీద ఆవిడకి మహా నమ్మకం. బ్యాంకులోనైనా డాక్టరు దగ్గరైనా నన్ను ముందుకి తోసి తను వెనక నిలబడేది. "నువ్వు మాట్లాడు, నేను చూస్తుంటాను" అనేది. నేను పొరపాటున ఒక మాట వదిలేస్తే మాత్రం వెనకనుంచి మోచేత్తో పొడిచేది.

ఆ పొలాల్లోనే మాకు టమాటాలు అమ్మే అమెరికన్ పెద్దావిడ ఉండేది. ఒంటరి మనిషి. వాళ్ళ తాత వందేళ్ళ కిందటి అమెరికా అంతర్యుద్ధంలో సైన్యంతో వెళ్ళి మళ్ళీ ఇంటికి రాలేదట. ఎక్కడ పోయాడో ఎవరికీ తెలియదు. సైన్యం తమ పొలం మీదుగానే నడిచిందని మాత్రం వాళ్ళ అమ్మ చెప్పేదట. కొత్త డిటెక్టర్‌తో పొలంలో వెతుకుతామని అడిగితే ఆవిడ సంతోషంగా ఒప్పుకుంది. ఏం దొరికినా ముందు తనకి చూపించమని మాత్రం అడిగింది.

మధ్యాహ్నం దాకా మేకులే. తర్వాత అక్కయ్య ఒకచోట ఆగిపోయి, హెడ్‌ఫోన్లు తీసి నా చెవికి పెట్టింది. తవ్వితే సైనికులు బెల్టుకి పెట్టుకునే ఇత్తడి బిళ్ళ బయటపడింది. పచ్చగా చిలుము పట్టి ఉంది. వెనకవైపు చాకు మొనతో గీసినట్టు సన్నటి గీతలు. పెద్దావిడ దాన్ని కళ్ళకి దగ్గరగా పట్టుకుని, మొదటి అక్షరం తాత పేరులోదిలాగే ఉందంది. ఆదివారం చర్చిలో ఎవరిచేతైనా చదివిస్తానంది. తన చేతులు వణుకుతాయి కాబట్టి కాస్త మట్టి కడిగి తెచ్చిపెట్టమని అక్కయ్యకే ఇచ్చింది.

ఆవిడ అడిగింది మట్టి కడగమని. అక్కయ్యవేమో శుక్రవారం శుక్రవారం దేవుడి సామాను తోమే చేతులు. చింతపండు నానబెట్టింది నేనే, ఉప్పు అందించింది నేనే. మనిళ్ళల్లో బిందెల మీద, చెంబుల మీద పేర్లు కొట్టిస్తాం కదా, అవి తోమేకొద్దీ తేటగా కనబడతాయి. ఇదీ అంతే అనుకున్నాం ఇద్దరం. స్టీలు పీచుతో అక్కయ్య ఎంత ఇష్టంగా రుద్దిందో. పెళ్ళికి తీసిన చెంబులా బిళ్ళ ధగధగలాడింది. వెనక్కి తిప్పింది. నున్నగా ఉంది. ఇన్నేళ్ళూ మట్టిలో ఉండి పైపొరంతా చిలుముగా మారిందని, ఆ గీతలు ఆ పొరలోనే మిగిలాయని మాకేం తెలుసు? కిటికీ దగ్గర ఎటు వంచి చూసినా ఒక్క గీత కనబడలేదు.

మట్టితో పాటే పోయాయని చెబుదామన్నాను. అసలవి అక్షరాలు కాకపోవచ్చు కదా అని కూడా అన్నాను. బావగారు అదే మేలన్నారు. బిళ్ళ ఇవ్వడానికి వెళుతూ నేను కారులో కూర్చుని ఇంగ్లీషులో మంచి మాటలు కూర్చుకుంటున్నాను. అక్కయ్య వింటూ వింటూ నా చెయ్యి పట్టుకుంది.

"తప్పు చేశానని చెప్పడానికి మంచి ఇంగ్లీషు ఎందుకే? నేనే చెబుతాలే."

వరండాలో పెద్దావిడ ముందు అక్కయ్య బిళ్ళ పెట్టి, రెండు అరచేతులూ చాపింది. "నేమ్ దేర్, మేడమ్. ఐ రబ్. మై హ్యాండ్స్. నో నేమ్ నౌ." అంతే. చింతపండు పులుపుకి ఆ వేళ్ళ చివర్లు ఇంకా తెల్లగా ముడుచుకునే ఉన్నాయి. నేను వెనక నిలబడి వరండా చెక్కలు చూస్తున్నాను. నా ఇంగ్లీషు ఎందుకూ పనికిరాలేదు.

పెద్దావిడ బిళ్ళ తీసుకుని వెనక్కి తిప్పి చూసింది. తర్వాత చాలా అందంగా ఉందని, శ్రమ పడ్డందుకు థ్యాంక్స్ అని చెప్పింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఇద్దరం ఏడ్చి తేలికపడేవాళ్ళం.

అక్కయ్య ఆ తర్వాత డిటెక్టర్ ముట్టుకోలేదు. ఇత్తడి తోమడం కూడా మానేసింది. కుందులు నల్లబడితే పేరంటానికి వచ్చినవాళ్ళు బద్ధకమని చాటుగా నవ్వేవారు. ఆవిడ వినీ విననట్టు ఊరుకునేది, పక్కనే ఉన్న నేనూ ఊరుకునేదాన్ని. ఆ రోజు నన్ను అబద్ధం ఆడనివ్వనందుకు ఆవిడకి ఒక్కసారైనా దండం పెట్టవలసింది. పెట్టలేదు. రోజూ కనబడే మనిషే కదా అనుకున్నాను.

ఆ రోజు కారు తిప్పుకుని వస్తూ ఇద్దరం వెనక్కి చూశాం. పెద్దావిడ మెట్ల మీద కూర్చుని, బిళ్ళని ఎండకి వంచి పట్టుకుని, బొటనవేలితో వెనకవైపు మెల్లగా తడుముతోంది. ఒకచోట వేలు ఆగింది. మళ్ళీ ఆ చివరినుంచి మొదలుపెట్టింది.