బోలు మంచు మీద మొదటి మ్యాచ్

1996 జనవరి, ఆదివారం. లడఖ్‌లో మా క్యాంపు కింది చెరువు. ఉన్నవాళ్లు: క్యాంపు హవల్దారుగా నేను, ఆత్మకూరు వాడైన మా డ్రైవరు, హాకీ కర్రలతో ఊరి ఆడపిల్లలు ఎనిమిది మంది, గట్టున ఊరి పెద్దలు.

మేం ఆ పోస్టింగుకు వచ్చింది డిసెంబరులో. ఉదయగిరి ఎండలో పెరిగిన నాకు, నీళ్ల మీద మనుషులు పరుగెత్తుతారంటే నమ్మకం కుదరలేదు. గడ్డకట్టిన చెరువు మీద ఉదయమంతా మగపిల్లలు ఆడేవారు. వాళ్లు విప్పేసిన స్కేట్లలో గుడ్డలు కుక్కుకొని మధ్యాహ్నం ఆడపిల్లలు తొడుక్కునేవారు. ఆ రోజు వాళ్ల మొదటి మ్యాచ్. పెద్దలు మెచ్చితే ఇకముందు ఆడనిస్తారు. లేకపోతే అంతే.

మంచును గునపంతో కొట్టి చూడటం నా డ్యూటీ. పొద్దున కొట్టినప్పుడు గట్టిగా పలికింది. మ్యాచ్ మొదలయ్యాక డ్రైవరు నా పక్కకు వచ్చాడు.

"అన్నా, మన క్యాంపోళ్లు ఆ మూల మంచుకి బొక్క కొట్టి మోటారు పెట్టినారు. వంటకంట. పొద్దున్నుంచి తోడతానే ఉండారు."

"తోడితే ఏందిరా? చెరువే గదా."

"మనూరి చెరువా అది? కింద నీళ్లు దిగితే పైన మంచు దిగుతాదా?"

అంచున గునపంతో కొట్టాను. డప్పులా మోగింది. నీళ్లు తగ్గాయి. మంచు గాలిలో వేలాడుతోంది. దాని మీద ఎనిమిది మంది.

విజిల్ ఊదితే అందరూ ఒకచోటికి పరుగెత్తుకొస్తారు. బరువు ఒక్కచోట పడుతుంది. వాళ్ల కెప్టెన్ డోల్మా, పదో తరగతి పిల్ల, మాకు దగ్గరగా ఉంది. గొంతు పెంచకుండా హిందీలో చెప్పాను: "మంచు కింద నీళ్లు లేవు. అందరినీ పడుకోమను. విడివిడిగా పాకుతూ రండి."

"ఇప్పుడు ఆపితే మమ్మల్ని మళ్లీ ఆడనివ్వరు."

అప్పుడు మంచు చిరిగింది. పెద్ద దుప్పటిని నిలువునా చించినట్టు శబ్దం. ఆమె రెండు కాళ్ల మధ్య నుంచి నల్లటి గీత సాగిపోయింది. ఆమె వాళ్ల భాషలో ఏదో అరిచి, బోర్లా పడుకుంది. అందరూ పడుకున్నారు.

డ్రైవరు తాడు విసిరాడు. "రామ్మా, మెల్లంగా రా. నీకు పుణ్యముంటాది, లెయ్యబాక" అని తెలుగులోనే బతిమాలుతున్నాడు. ఒక్కొక్కరే గట్టు చేరారు. చివర డోల్మా. ఆమె కింద మంచు జానెడు కుంగింది. లాగేశాం. స్కేటు ఒకటి లోపలే పోయింది.

"ఇక ఆడపిల్లలు మంచెక్కేది లేదు" అన్నాడు ఒక పెద్దాయన.

డోల్మా పళ్లు కొట్టుకుంటున్నాయి. "నీళ్లు తోడింది మేమా?" అంది.

రిటైరై ఉదయగిరి వచ్చేశాను. ఇప్పుడు ఆ కొండల ఆడపిల్లలు దేశం తరఫున మంచు హాకీ ఆడుతున్నారు. టీవీలో చూపిస్తే మా ఇంట్లో వాళ్లు చప్పట్లు కొడతారు. నేను మాత్రం ఆ పిల్లల కాళ్ల కిందే చూస్తుంటాను, గీత కోసం.

ఆ మ్యాచ్ జరిగిన మర్నాడు ఉదయం, కొండ నీడ ఇంకా పోలేదు. ఆ ఆడపిల్లలు వాగు నుంచి బిందెలతో నీళ్లు మోసుకొచ్చి, కోసేసిన బార్లీ చేలో పోస్తున్నారు. పోసినవి పోసినట్టే గడ్డకడుతున్నాయి. డోల్మా మధ్యలో నిలబడి, నా వైపు చెయ్యి చాపింది.

"రండి. కింద చేనే ఉంది."

నా కాలు గట్టు దిగలేదు.