ఆళ్లగడ్డ బస్సులో ఫ్లూ టీకా

నా తెలివితక్కువతనం ముందే ఒప్పుకుంటాను. గర్భిణి నా భార్య. సూది గుచ్చేది ఆమె చేతికి. టీకా వేయించాలా వద్దా అని నేను మాత్రం ఆమెను తప్ప అందరినీ అడిగాను.

రెండువేల పదో సంవత్సరం దాటిన రోజులు. నేను నంద్యాలలో బడిపంతులిని. తొలి కాన్పుకని ఆమె ఆళ్లగడ్డలో పుట్టింట్లో ఉంది. ఆరో నెల పరీక్షకు వచ్చినప్పుడు నంద్యాల డాక్టరమ్మ, ఫ్లూ టీకా వేయించుకుంటే తల్లికీ బిడ్డకూ మంచిదని చెప్పి, చీటీ రాసిచ్చి, ఆలోచించుకోమంది. అది నాతో అనకూడని మాట.

టీకా ఒకటే, తాత్పర్యాలు మాత్రం ఊరి నిండా. హెడ్మాస్టరు వేయించమన్నాడు, ఆయన భార్య వద్దంది. బస్సు కండక్టరు టికెట్టు కొట్టడం మరిచి, వాళ్ల చెల్లెలి కాన్పు కథంతా చెప్పాడు. మనవడో మనవరాలో, మొదట ఎత్తుకునేది తానేనని అప్పటికే వీధంతా చాటిన మా మామ అయితే నవ్వేశాడు.

"ఏందప్పా, సూదంటే బయం నీకా, నా బిడ్డకా? మా యమ్మ ఎనిమిదిమందిని కనె. టీకాలు యాడుండె?"

చీటీ మూడు వారాలు నా జేబులోనే నలిగింది. ఇంతలో ఊళ్లో జ్వరాలు మొదలయ్యాయి. మా వీధిలోనే ఒక గర్భిణిని ఆయాసంతో కర్నూలు తీసుకుపోయారు. ఆమె కోలుకుని వచ్చింది గానీ, ఆ ఆయాసం నాకు పట్టుకుంది. మందుల షాపుకు పరుగెత్తాను. చల్లదనం పోకూడదని, టీకా మందును ఐసుకు తగలకుండా గుడ్డ చుట్టి, థర్మాకోల్ డబ్బాలో పెట్టిచ్చారు. బిడ్డ కంటే ముందు ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. శిరివెళ్లలో బస్సు ఆగితే నా గుండె కూడా ఆగింది. పక్కన కూర్చున్న పెద్దమ్మ అందులో పుల్లైసు ఉందా అని రెండుసార్లు అడిగింది.

నా భార్య వాకిట్లో అలసందకాయలు ఒలుస్తోంది. డబ్బా చూసి ఆగింది.

"నేను మొన్ననే వేసుకుంటి."

"ఎవర్ని అడిగి?"

"చెయ్యి నాది గదా. దాన్నే అడిగితి."

నేను బడిలో పాఠం చెబుతున్న వేళకు, తల్లీకూతుళ్లు మా బడి ముందు నుంచే డాక్టరమ్మ దగ్గరికి పోయి, మధ్యాహ్నం బస్సుకు తిరిగొచ్చారట. నేను తేల్చేలోపల బిడ్డ బడికి పోయే వయసొస్తుందని మా అత్త అందట. సిగ్గేసింది, కానీ ఆ సిగ్గు కంటే సంతోషమే పెద్దది. ఒలిచిన గింజలు నాలుగు నోట్లో వేసుకుని వాకిట్లోనే చతికిలబడ్డాను.

మరి డబ్బాలోది? ఫోన్ చేస్తే డాక్టరమ్మ నవ్వి, బిడ్డను ఎత్తుకునే పెద్దవాళ్లకూ మంచిదేనంది. అందరం మామ వైపు తిరిగాం.

బజారు ఆసుపత్రిలో మామ కళ్లు గట్టిగా మూసుకుని, నా చెయ్యి పిప్పి చేశాడు. నర్సు పని ముగించి, దూది పారేసి, చేతులు కడుక్కుంటోంది.

"అయిపాయనా అల్లుడా?"

"ఇంగా మొదలుపెట్టల్యా మామా," అన్నాను. "కదలాకు."