చిరుగు కనిపించే కెమెరా

అతని పని చిరుగులు మాయం చేయడం. అతుకు వేయడు. అదే బట్ట లోపలి అంచు నుంచి పోగులు లాగి, చిరిగిన చోట నిలువుగా పడుగు పరిచి, అడ్డంగా పేక అల్లుతాడు. పని కుదిరితే చిరుగు ఎక్కడ ఉండేదో తెచ్చినవాళ్ళకే గుర్తుండదు. కోటును వెలుగులో అటూ ఇటూ తిప్పి, "అసలు చేశారా?" అని అడుగుతారు. ముప్ఫై రెండేళ్ళలో అతను విన్న మెప్పు అదే.

పని నేర్పింది అక్క. అతనికంటే తొమ్మిదేళ్ళు పెద్దది. పెళ్ళి చేసుకోలేదు, పని చేసుకుంది. వీధిలో ఆమె పేరు భూతద్దం. ఆమె ముందు ఎవరూ ఆ మాట అనరు. అతను అల్లినది ఏదైనా ఆమె అద్దం కింద పెట్టి చూశాకే గడప దాటేది. నచ్చకపోతే, "ఇక్కడ నిద్రపోయావు," అని వేలు పెట్టి చూపించేది. నచ్చితే ఏమీ అనేది కాదు. మడత పెట్టేది.

ఆమె చూపు నడిమధ్యలో మచ్చ వచ్చింది. పోయిన చూపు ఇక తిరిగి రాదని, పెద్దవి కనిపిస్తాయని, సన్నవి కనిపించవని కళ్ళ డాక్టరు చెప్పింది. అక్క పెద్ద అద్దం కొనుక్కుంది. ఇంకా పెద్దది కొనుక్కుంది. ఒకరోజు ఆమె చూసి మడత పెట్టి పంపిన కోటు తిరిగి వచ్చింది. ఒక్క ఉతుకుకే మోచేయి దగ్గర అల్లిక ముడుచుకుపోయింది. అతను విప్పి మళ్ళీ అల్లాడు. అక్కను ఎవరూ ఏమీ అనలేదు. మర్నాటి నుంచి ఆమె ముందుగదిలోకి రాలేదు.

"రా అక్కా. ఊరికే కూర్చో," అన్నాడు.

"ఊరికే కూర్చోడానికి వెనకగది చాలదా?"

వెనకగదిలో టీవీ ఉంది. మచ్చ పక్కనుంచి చూడాలి కాబట్టి, టీవీ మీద అలిగినట్టు ముఖం కాస్త తిప్పి కూర్చునేది. అన్నం తక్కువ తినేది. మాట అంతకన్నా తక్కువ.

అతను తన పనిని తానే చూసుకోవడం మొదలుపెట్టాడు. అద్దం కింద తన తప్పు తనకు కనిపించదు. తన చెయ్యి ఏం చేయాలనుకుందో అదే కనిపిస్తుంది. ఒకే అల్లికను మూడుసార్లు విప్పాడు. తిప్పలు పడుతున్నాడని భార్యకు తెలుసు. అక్కకూ తెలుసు.

ఒక సాయంత్రం ముగ్గురూ వార్తలు చూస్తున్నారు.

"వాడి కోటు చూడు," అంది అక్క ఉన్నట్టుండి. "భుజం దగ్గర లాగుతోంది. లోపల గుడ్డ సరిగా వెయ్యలేదు."

అతను చూశాడు. నిజమే.

"వార్తల్లో ఏం చెప్పాడు వదినా?" అంది భార్య.

"ఏమో. కోటు మాత్రం అరువుదే."

భార్య నవ్వింది. అతను నవ్వలేదు. టీవీ వైపు కాసేపు, అక్క వైపు కాసేపు చూశాడు.

మర్నాడు పొద్దున్నే కెమెరాల కొట్టుకు వెళ్ళాడు. ఇరుకైన కొట్టు. గాజు బల్ల వెనక ఒక నడివయసు ఆవిడ మెత్తటి గుడ్డతో లెన్సు తుడుస్తోంది.

"ఒక కెమెరా కావాలమ్మా. ఖరీదు తక్కువది. మీటలు కూడా తక్కువగా ఉండాలి. ఇంతవరకూ ఎప్పుడూ పట్టుకోలేదు."

"ఫోనులో ఉంటుంది కదన్నయ్యా?"

"ఉంది. దానికి నాకంటే ఎక్కువ చత్వారం. దగ్గర పెడితే ఏదీ కనిపించదు."

ఆమె నవ్వి, ముందుకు పొడుచుకొచ్చే మూతి ఉన్న కెమెరా ఒకటి బల్ల మీద పెట్టింది. చూడటానికి గంభీరంగా ఉంది. వీధి చివర ఇంటి కిటికీని కళ్ళ ముందుకు లాక్కొచ్చింది. దూరాన్ని ఇంత దగ్గర చేసేది దగ్గరున్నదాన్ని ఇంకెంత దగ్గర చేస్తుందో అనుకుని, అతను సంబరంగా తన చొక్కా చేతిని దాని ముందు పెట్టాడు. పొగమంచు తప్ప ఏమీ రాలేదు. వెనక్కి జరిపాడు. ఇంకా జరిపాడు. చెయ్యి చాలలేదు.

"దీనికి నాలుగడుగులు దూరం ఉండాలన్నయ్యా. పిట్టల్ని తీసేవాళ్ళు కొంటారు."

"నా పిట్ట ఎగరదమ్మా. ముక్కు కిందే ఉంటుంది."

"ఇంతకీ ఏం తీస్తారు?"

"చిరుగులు."

ఆమె తుడవడం ఆపింది. అతను జేబులోంచి ఊలు గుడ్డ ముక్క తీసి బల్ల మీద పరిచాడు. అక్క గురించి రెండే మాటల్లో చెప్పాడు. ఆమె లేచి, లోపలి అరలోంచి ఒక చిన్న కెమెరా తెచ్చింది. వాడినదే. పైన ఒక మూల గీతలు పడ్డాయి. వెనకవైపు పువ్వు గుర్తున్న మీట ఉంది.

"ఈ పువ్వు నొక్కితే దగ్గరివి తీస్తుంది. పాతది కాబట్టి మెగాపిక్సెళ్ళు తక్కువ, ముందే చెప్తున్నా."

"అవి నాకు తెలీదు. ఎన్ని పోగులు కనిపిస్తాయి?"

అది ఆమెకు తెలియదు. ఇద్దరూ కలిసి ఫోటో తీసి, తెర మీద బొమ్మను పెద్దది చేశారు. అతను కొనవేలితో పోగులు లెక్కపెట్టాడు. ముప్ఫై దాకా ఒక్కటీ పక్కదానితో కలిసిపోలేదు. అక్కడితో ఆపి, "ఇదివ్వండి," అన్నాడు.

టీవీకి తగిలించే తీగ ఎలా పెట్టాలో ఆమె రెండుసార్లు చూపించింది. "చేత్తో పట్టుకోవద్దు. దేని మీదైనా పెట్టండి. మీట నొక్కితే రెండు సెకన్లు ఆగి అదే తీస్తుంది. అప్పుడు చెయ్యి వణుకు రాదు."

"నా చెయ్యి వణకదమ్మా."

"ఊపిరి పీలుస్తారు కదా?"

ఆ సాయంత్రానికి ఏ పని చూపించాలో అతను చాలాసేపు ఆలోచించాడు. చివరికి ఆ నెలలో అన్నిటికంటే బాగా కుదిరినది ఎంచుకున్నాడు. బూడిదరంగు కోటు, ఛాతీ మీద పురుగు కొట్టిన రంధ్రం. అల్లడం పూర్తయి, ఇస్త్రీ కూడా అయింది. కెమెరాను దారపు డబ్బాల మీద నిలబెట్టి ఫోటో తీశాడు. టీవీకి తగిలించి అక్కను పిలిచాడు.

తెర నిండా బూడిదరంగు గుడ్డ. ఒక్కో పోగు వేలంత లావు.

అక్క ముఖం పక్కకు తిప్పి చూసింది. దగ్గరికి జరిగింది. ఇంకోవైపు తిప్పి చూసింది.

"ఎక్కడుంది?"

"నడిమధ్యలో అక్కా."

ఆమె మళ్ళీ వెతికింది. చాలాసేపు వెతికింది. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు కనిపించట్లేదురా. ఇంత పెద్దది చేసినా కనిపించట్లేదు. వదిలెయ్."

లేచి, గోడ తడుముకోకుండా, తిన్నగా తన మంచం దగ్గరికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది.

అతను తీగ ఊడదీయలేదు. తెర ముందే కూర్చుండిపోయాడు. భార్య వచ్చి వెనక నిలబడింది.

"ఏవండీ, ఇందులో చిరుగెక్కడ?"

"అదుగో, అక్కడ," అని వేలు చూపించబోయాడు. వేలు గాల్లో ఆగిపోయింది. తను అల్లిన చోటు తనకే దొరకలేదు.

"మీరొకరు," అంది భార్య. "కనిపించకుండా చేసిందాన్ని తెచ్చి, కనిపిస్తోందా అని అడిగితే ఎలా?"

అతను ముందుగదిలోకి పరుగులాంటి నడకతో వెళ్ళాడు. బల్ల మీద సగంలో ఆగిన పని ఉంది. నీలం కోటు, జేబు పక్కన బొటనవేలంత రంధ్రం. పడుగు పరిచి ఉంది. పేక సగమే అల్లి ఉంది. చూపించుకోవడానికి సిగ్గుపడే దశ. పోగుల కొసలు బయటికి వేలాడుతున్నాయి. సగం అయిన పనిని ఇంతవరకూ అక్కకు ఎప్పుడూ ఇవ్వలేదు. ఆమే ఒప్పుకునేది కాదు.

పువ్వు మీట నొక్కాడు. ఊపిరి బిగబట్టాడు.

అక్కను పిలవలేదు. తెర మీద బొమ్మ పెట్టి, "ఇది ఎలా చెయ్యాలో అంతుపట్టట్లేదు," అన్నాడు భార్యతో, కాస్త గట్టిగా.

భార్య తెలివైనది. "నాకేం తెలుసు? కోటు తెచ్చినవాళ్ళనే అడగండి," అంది, ఇంకాస్త గట్టిగా.

మంచం కిర్రుమంది. అక్క వచ్చి తెర పక్కగా నిలబడి, మెడ వంచింది. నీలం పోగులు తాళ్ళలా ఉన్నాయి. వాటి మధ్య నల్లటి గుంట.

"ఇంత లాగావేంట్రా?" అంది.

అతను తెర దగ్గరికి జరిగాడు.

"ఎడమ అంచు చూడు. పేక బిగించి లాగావు. అంచంతా లోపలికి వస్తోంది, సంచి మూతి కట్టినట్టు. ఇట్లాగే వదిలితే మొదటి ఉతుకుకే ముడుచుకుపోతుంది." ఆగింది. గొంతు తగ్గింది. "ఆ కోటు మోచేయి కూడా ఇట్లాగే అయ్యుంటుంది. సన్నగా ఉండి నాకు కనపడలేదు."

"నాకూ కనపడలేదు అక్కా. అల్లింది నేను."

ఆమె అతని వైపు తిరిగింది. అతని ముఖం ఆమెకు సరిగ్గా కనిపించదు. పక్కనుంచి చూసింది.

"ఎన్ని వరసలు అల్లావు?"

"పదకొండు."

"ఏడు విప్పు. నాలుగు బాగానే ఉన్నాయి. అప్పుడు మెలకువగానే ఉన్నట్టున్నావు."

భార్య ముందుగదిలోంచి నీలం కోటూ దీపమూ తెచ్చి అతని పక్కన పెట్టింది. అతను కోటు ఒళ్ళోకి తీసుకుని, సూది మొనతో మొదటి పోగు పైకెత్తాడు. అక్క తెర మీద వేలు పెట్టి, మిగిలిన వరసలు ఒక్కొక్కటే లెక్కపెడుతోంది.

"మెల్లగా. తెంపావంటే చూడు."

"సరే అక్కా."

"రెండు విప్పాక ఆగి, ఇంకో ఫోటో తియ్యి. నేను చూడాలి."