క్యారియరు ఎవరితో విప్పాలి

మా కాలేజీలో ఆడపిల్లలు క్లాసులోకి తమంతట తాము వెళ్లేవారు కారు. గంట కొట్టాక లెక్చరరుగారు వరండా చివరనున్న లేడీస్ వెయిటింగ్ రూమ్ గుమ్మం దాకా వచ్చి ఒకసారి దగ్గుతారు. ఆ దగ్గు వినగానే లోపలి పిల్లలు ఓణీలు సర్దుకుని, పుస్తకాలు గుండెలకు హత్తుకుని, ఆయన వెనకాల వరసగా బయల్దేరతారు. పాఠం అయ్యాక మళ్లీ ఆయన వెనకే తిరిగొస్తారు. ఈ ఆచారం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఎందుకని అడిగిన పాపాన పోయింది నేనొక్కదాన్నే.

"మగపిల్లలు అల్లరి చేస్తారమ్మా" అన్నారు ప్రిన్సిపాలుగారు.

"అయితే వాళ్లనే వెయిటింగ్ రూమ్‌లో పెట్టండి" అన్నాను. ఆయన నవ్వేశారు. నా మాటలకి ఆయన దగ్గర ఉన్న మందు అదొక్కటే.

విజయనగరంలో, అరవైల చివర సంగతి. నాకప్పటికే నలభై దాటాయి. అంత పెద్ద కాలేజీలో ఆడ లెక్చరర్ని నేనొక్కదాన్నే, ఇంగ్లీషు చెప్పేదాన్ని. స్టాఫ్ రూమ్‌లో నాకూ ఒక కుర్చీ ఉండేది. కాని నేను అడుగు పెట్టగానే అక్కడి కబుర్లు రేడియో కట్టేసినట్టు ఆగిపోయేవి. అంతమంది మగవాళ్లు నా కోసం మర్యాదగా పైకప్పు చూస్తూ కూర్చుంటే నాకు ముద్ద దిగేది కాదు. చివరికి నా బల్లా కుర్చీ వెయిటింగ్ రూమ్‌లోకి మార్పించుకున్నాను. అక్కడ మరో తంతు. మేడం ఎదుట తినడానికి సిగ్గని పిల్లలంతా గోడవైపు తిరిగి క్యారియర్లు విప్పేవారు. అన్ని వీపులు చూస్తూ నేను పెరుగన్నం తినేదాన్ని.

ఆ ఏడు జూలైలో పి.యు.సి. పిల్లలు చేరారు. లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ ఒక గ్రూపు. మొక్కలూ జంతువులూ ఉన్నది ఒకటి. చరిత్ర, ఆర్థికశాస్త్రం ఉన్నది ఇంకొకటి. నెలాఖరు లోపల ఒక గ్రూపులోంచి ఇంకొక గ్రూపులోకి మారొచ్చు. ఆ తర్వాత డిగ్రీ అయినా, ఉద్యోగమైనా అదే బాట. మొన్నటిదాకా హైస్కూల్లో అన్నీ చదివిన పిల్లలు, ఎటు వెళ్లాలో తెలియక కొందరు బిక్కమొహాలేసుకుని తిరుగుతున్నారు.

ప్రిన్సిపాలుగారు నన్ను పిలిచారు. "తేల్చుకోలేని ఆడపిల్లల్ని కాస్త మీరు చూడండి. మీకు నోరుంది, దారి చెప్పగలరు" అన్నారు. నోరున్నవాళ్లకి దారి కూడా తెలిసి ఉంటుందని ఆయన నమ్మకం.

ఒక్కొక్కరినీ నా బల్ల దగ్గరికి పిలిచి అడిగాను. నెల్లిమర్ల నుంచి వచ్చే ఒక పిల్ల, జూట్ మిల్లు గుమాస్తాగారి కూతురు, వాళ్ల అన్నయ్య పాత పుస్తకాలు ఇంట్లో ఉన్నాయి గనక ఆ గ్రూపే అంది. ఇంకొక పిల్ల, "కప్పని ముట్టుకోకుండా డాక్టరైపోడానికి ఏదైనా గ్రూపు ఉందాండీ?" అని అడిగింది. ఉంటే మొదట నేనే చేరేదాన్నని చెప్పి పంపాను. అడగ్గా అడగ్గా నాకు అర్థమైంది. వీళ్లు ఎంచుకుంటున్నది పక్కన కూర్చునే మనిషిని. రైల్లో తోడొచ్చే పిల్ల ఎటు వెళితే అటు. సబ్జెక్టు ఆ మనిషి వెనకాల వచ్చేది, పిల్లలు లెక్చరరు వెనకాల వచ్చినట్టు.

ఇక గజపతినగరం అమ్మాయి. బెల్లం, నువ్వుల వ్యాపారం చేసే షావుకారుగారి కూతురు. ఆమె, ఆమె మేనత్త కూతురు కలిసి రాయగడ లైను పాసింజరులో వచ్చేవారు. ఒకర్నొకరు వదినా అనుకునేవారు. పెద్దదాన్ని నేనూ 'వదిన' అనే గుర్తుపెట్టుకున్నాను. వదిన అప్పుడే చరిత్రలో చేరిపోయింది. ఈ చిన్నది మాత్రం ఎటూ చెప్పదు.

ఒక మధ్యాహ్నం అందరూ తింటుంటే ఇది మూల కూర్చుని సుద్దముక్కతో గచ్చు మీద త్రిభుజాలు గీస్తోంది.

"ఏం చేస్తున్నావు?"

"పుస్తకంలో సేసిన రుజువు నిజమేనండి, గాని పొడుగు. పొట్టిగా అవుతాదేమోనని సూస్తన్నాను."

"అయిందా?"

"అవ్వలేదండి. అవుతాది."

వదిన ముద్ద మింగి అందుకుంది. "దానికి లెక్కలిచ్చీస్తే అన్నం కూడా అక్కర్లేదండి మేడం. అందుకే అలగ పుల్లలగుంది."

"నీకేటే వదినా, సచ్చిపోయినోళ్ల పేర్లు బట్టీ పట్టీస్తే సాలు."

"సచ్చిపోయినోళ్లయితే తిరిగి ప్రశ్నలడగరు కదే!"

గోడవైపున్న వీపులన్నీ నవ్వుతో ఊగాయి. నేను మాత్రం ఆ 'అవుతాది' దగ్గరే ఆగిపోయాను. అంకెలతో తగువు పెట్టుకునే పిల్లని చూడటం అదే మొదలు. మనుషులతో పెట్టుకునేదాన్ని రోజూ అద్దంలో చూస్తూనే ఉన్నాను.

"మరి లెక్కల గ్రూపు తీసుకోవేం?" అన్నాను.

"అందులో ఆడపిల్ల ఒక్కర్తీ లేదండి. ఒక్కర్తినీ ఏటి కూసుంటాను?"

శనివారం వాళ్ల నాన్నగారిని రమ్మన్నాను. కండువాతో మొహం తుడుచుకుంటూ వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడ్డారు.

"మా గుంట తెలివైందని మీరు కొత్తగా సెప్పాలేటండి? కొట్లో కూకుంటే నాకన్నా ముందు లెక్క సెప్పీస్తాది. నా బాధ అది కాదు. ల్యాబు ఉన్నరోజు మా అక్క కూతురు ముందు బండికి వచ్చీస్తాది. ఇది వెనక బండికి ఒక్కర్తే రావాల. సీకటి పడిపోతాది."

"ఆడవాళ్ల పెట్టె ఉంది కదండీ."

"పెట్టి ఉన్నాది. అందులో ఎవులున్నారు?"

"స్టేషనుకి మీరు ఎదురెళ్లండి. మీ కొట్టు కాసేపు మూస్తే గజపతినగరం ఆకలితో పోదు."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. "సరే, బండికి నేనెల్తాను. గాని ఇక్కడ? కాలేజీలో దానికి తోడెవులు?"

"నేనున్నాను" అన్నాను. అనడానికెంతసేపు.

ఆయన వెళ్లాక పిల్ల నా బల్ల దగ్గరే నిలబడి ఉంది. "మేడం, మీరు సదివినప్పుడు మీతో ఇంకెవులైనా ఆడపిల్లలుండీవోరాండి?"

"ఆనర్సులో ఎవరూ లేరు."

"మరి క్యారియరు ఎవులితో తినీవోరు?"

మాటకి మాట తడుముకునే మనిషిని కాను నేను. చదువు గొప్పతనం, ఉద్యోగం, సొంత కాళ్లు, చెప్పడానికి సరుకు చాలా ఉంది. కాని ఆ పిల్ల అడిగింది అన్నం సంగతి.

"ఎవరితోనూ కాదు" అన్నాను.

ఆమె నా బల్ల వైపు, దానిమీది ఒంటి గిన్నె వైపు చూసింది. "ఇప్పుడో?"

"నీకు కళ్లున్నాయి కదా."

"అయితే కష్టమేనండి."

"కష్టమే."

సుద్దముక్క వేళ్ల మధ్య తిప్పింది. "నెలాఖరు దాకా కూసుని సూస్తాను మేడం. నావల్ల కాకపోతే వదిన కాడికి ఎలిపోతాను" అంది.

లెక్కల లెక్చరరుగారు మంచివారు, మతిమరుపు మనిషి. ఆయన క్లాసులో ఎన్నో ఏళ్లుగా ఆడపిల్ల లేదు. అందుకని ఆయన కాళ్లకి వెయిటింగ్ రూమ్ దారి అలవాటు లేదు. మొదటి రోజుల్లో పొద్దున్నే నేను గుర్తు చేస్తే వచ్చి దగ్గేవారు. పిల్ల ఒక్కతే ఆయన వెనకాల ఆ పొడుగాటి వరండాలో నడుస్తుంటే వదిన కిటికీలోంచి, "పెళ్లికూతురెల్తన్నాదర్రా!" అని వేళాకోళం చేసేది. ఎలా ఉంది క్లాసు అని నేనడిగితే, "పాఠం బాగున్నాదండి. బల్లే పొడుగ్గా ఉన్నాది" అంది. ఆడపిల్లల కోసం వేసిన ముందు బల్ల అది. దాని మీద ఒక చివర ఈమె, మిగతాదంతా ఖాళీ.

తర్వాత ఒకరోజు నేను పాఠం ముగించి వచ్చేసరికి పుస్తకాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. అవతల లెక్కల సారు గొంతు ఖంగుమని వినిపిస్తోంది.

"గంట కొట్టి సేపయ్యిందండి. సారు రాలేదు."

"నువ్వే వెళ్లకపోయావా?"

"ఎలగెల్తానండి, ఒక్కర్తిని?"

గంట కాగానే ఆయన్ని వరండాలో ఆపాను.

"ఒక్క అమ్మాయే కదండీ, గుర్తులేదు" అన్నారు.

"ఒక్కతే గనక గుర్తుండాలి."

"మేడంగారూ, మీరా పిల్లని చరిత్రలో చేర్పించేస్తే అందరికీ సుఖం కదా?"

"ఎవరికి సుఖం? మీ గొంతుకా?"

పాపం, చెవులు ఎర్రబడ్డాయి. రెండు రోజులు శ్రద్ధగా వచ్చి దగ్గారు. మళ్లీ మరిచిపోయారు. ఆ పూట వదిన వేళాకోళం ఆడలేదు. దగ్గరికొచ్చి, "వచ్చీయే. మా బల్ల మీద నీ సోటు అలగే ఉంచీసాను" అంది. ఈమె గోడవైపు తిరిగింది. క్యారియరు మాత్రం విప్పలేదు.

గ్రూపు మారడానికి ఆఖరి రోజు వచ్చింది. గంట కొట్టారు. చరిత్ర లెక్చరరు దగ్గారు. పిల్లలందరూ లేచారు. వదిన గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి చూసి, ఒక క్షణం ఆగి, వెళ్లిపోయింది. గదిలో ఇద్దరం మిగిలాం. లెక్కల క్లాసులో మగపిల్లల గోల హఠాత్తుగా తగ్గింది. అంటే సారు లోపలికి వెళ్లిపోయారన్నమాట.

నేను చెప్పుల్లో కాళ్లు పెట్టాను. "పద, నేను దిగబెడతాను."

"ఎన్నాళ్లు దిగబెడతారండి?"

"నువ్వు పాసయ్యేదాకా."

"మీకు క్లాసులుండవేటి? కూసోండి మేడం."

అలా అన్నదే గాని కదల్లేదు. ఓణీ సర్దుకుంది, మళ్లీ సర్దుకుంది. నేను నోరు విప్పితే ఏదో ఒకటి తేలిపోయేది, అటో ఇటో. జన్మలో మొదటిసారి నోరు మూసుకుని కూర్చున్నాను. అప్పుడు గడప దాటింది.

లేచి గుమ్మంలోకి వచ్చి చూశాను. వరండా అంతా ఖాళీ. ఆమె ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు. మొదట గబగబా నడిచింది, క్లాసు దగ్గరపడేకొద్దీ నెమ్మదించింది. తలుపు దగ్గర ఆగింది. వెనక్కొచ్చేస్తుందనుకున్నాను. ఆ పిల్ల, పుస్తకాలు ఎడమచేతిలోకి మార్చుకుని, లెక్చరర్లు దగ్గినట్టే ఒకసారి దగ్గింది.

లోపల సుద్ద చప్పుడు ఆగింది. "అయ్యో, రామ్మా, రా" అన్నారు సారు. ఎవడో వెధవ వెనక బల్లలోంచి దగ్గాడు. వాడి పక్కవాడు దగ్గాడు. చూస్తుండగా క్లాసు మొత్తానికి క్షయ పట్టుకున్నట్టయింది. ఆమె లోపలికి వెళ్లింది. సారు గద్దించారు. కాసేపటికి సుద్ద మళ్లీ మొదలైంది.

ఆమె గ్రూపు మారలేదు. అంతమాత్రాన కాలేజీ మారిపోలేదు. వరండాలో ఆమె కనబడితే చాలు, వారాల తరబడి మగపిల్లలు దగ్గుతూనే ఉన్నారు. మధ్యాహ్నం ఆమె కూర్చునేది వదిన గుంపులోనే. వాళ్లు చరిత్ర సారుని అనుకరించి నవ్వుకునేవారు. ఈమెకి ఆయన నడకా తెలియదు, మాటా తెలియదు. అందరూ నవ్వాక కాస్త ఆలస్యంగా నవ్వేది. తర్వాత్తర్వాత అదీ మానేసింది. వదిన మంచిదే, పిలిచేది. పిలిస్తే వెళ్లడం వేరు.

వానలు పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం క్యారియరు తెచ్చి నా బల్ల చివర పెట్టింది. కూర్చోనా అని అడగలేదు. గోడవైపు తిరగలేదు. నీళ్లచెంబుకి పుస్తకం ఆనించి, చదువుతూ తినడం మొదలుపెట్టింది.

"పులుసు అంటుతుంది పుస్తకానికి" అన్నాను.

"అంటనీండి."

ఇన్నేళ్లు వీపులు చూసి తిన్నదాన్ని, ఎదురుగా మొహం ఉంటే ఎటు చూడాలో తెలియలేదు. ఆ పిల్లకి ఆ ఇబ్బంది లేదు. చూపంతా పుస్తకంలోనే. ఎవరి అన్నం వాళ్లం తిన్నాం. ముందు ఆమెదే అయిపోయింది. పంపు దగ్గర గిన్నెలు కడుక్కుని వచ్చి, మూతలు బిగించి, గంట కొట్టగానే ఎవరి దగ్గు కోసమూ ఆగకుండా వెళ్లిపోయింది.

నా గిన్నెలో అన్నం ఇంకా సగం ఉంది.